తన మాట తానే చెప్పుకొనే హక్కు: కెనడాలో శరణార్థి విచారణల చరిత్ర

ఆశ్రయం కోరి వచ్చిన మనిషిని నమ్మాలా వద్దా అని తేల్చవలసిన అధికారి, ఆ మనిషిని ఎదుట కూర్చోబెట్టుకొని వినకుండా కాగితాల మీదనే నిర్ణయం చెప్పవచ్చునా అన్న వివాదం కెనడా వలస చట్టాల చరిత్రలో పదేపదే తలెత్తింది. 1985లో అక్కడి సుప్రీంకోర్టు దీనికి ఇచ్చిన సమాధానం ప్రసిద్ధమే కాని, దానికి ముందున్న ఏర్పాట్లనూ తరువాత వచ్చిన మార్పులనూ కలిపి చూసినప్పుడే, ప్రభుత్వం ఒక చేత్తో ఇచ్చినదాన్ని మరో చేత్తో తగ్గించుకొంటూ వచ్చిన తీరు బోధపడుతుంది.

1910 నాటి వలస చట్టం, రేవులో దిగినవారిని విచారించడానికి అధికారులతో కూడిన విచారణ బోర్డులను ఏర్పరచి, వాటి నిర్ణయంపై అప్పీలును మంత్రికే పరిమితం చేసి, న్యాయస్థానాల జోక్యాన్ని నిషేధించింది. 1914లో 376 మంది ప్రయాణికులతో వాంకూవర్ చేరిన కొమగటమారు ఓడ విషయంలో ఈ నిషేధం ఎంత గట్టిదో తేలింది. వారిలో అత్యధికులు పంజాబు సిక్కులు. శరణార్థులు కాదు, బ్రిటిష్ సామ్రాజ్య ప్రజలుగా ప్రవేశం కోరినవారు. వారందరి తరఫున మున్షీసింగ్ అనే ఒక్కరి వ్యాజ్యం పరీక్షగా నడిచి, బ్రిటిష్ కొలంబియా అప్పీలు కోర్టులో వీగిపోగా, రెండు నెలలు రేవులో నిలిచిన ఓడ జూలై 23న వెనుదిరిగింది.

మంత్రిత్వశాఖకు లోబడని వలస అప్పీళ్ల బోర్డు 1967లో గాని ఏర్పడలేదు. బహిష్కరణ ఉత్తర్వు అందుకొన్న ప్రతివారికీ అది అప్పీలు హక్కు ఇచ్చింది; దరఖాస్తులు గుట్టలుగా పేరుకుపోవడంతో 1973లోనే ఆ హక్కును కుదించారు. ఈలోగా కెనడా 1969లో ఐక్యరాజ్యసమితి శరణార్థి ఒడంబడికలో చేరింది. జాతి, మతం, రాజకీయాభిప్రాయం వంటి కారణాల వల్ల స్వదేశంలో హింసకు గురవుతానన్న సహేతుకమైన భయం ఉన్నవారిని అక్కడికి తిరిగి పంపరాదన్నది ఆ ఒడంబడిక సారాంశం.

ఈ బాధ్యతను అమలు చేయడానికి 1976 చట్టం కల్పించిన పద్ధతిని కొంత వివరంగా చూడాలి. వలస శాఖ సీనియర్ అధికారి దరఖాస్తుదారుని చేత ప్రమాణం చేయించి ప్రశ్నలడిగి, ఆ వాంగ్మూలాన్ని అక్షరబద్ధం చేయించేవాడు. ఆ ప్రతి ఒక సలహా సంఘానికి వెళ్లేది. ఆ సంఘం దరఖాస్తుదారుని పిలవకుండా, తన వద్ద ఉన్న సమాచారమేమిటో అతనికి తెలియనివ్వకుండా, మంత్రికి సలహా ఇచ్చేది. తిరస్కరణకు గురైనవారు అప్పీళ్ల బోర్డును ఆశ్రయించవచ్చు గాని, వాదన నెగ్గే అవకాశమే ఎక్కువని కాగితాలు చూసి బోర్డు ముందుగా అభిప్రాయపడితేనే పూర్తి విచారణ జరిగేది. అంటే విచారణలో రుజువు చేయవలసినదాన్ని విచారణ పొందడానికే రుజువు చేయాలి. ఇంతకంటె విడ్డూరమైన నిబంధన ఆ చట్టంలో మరొకటి కనిపించదు.

దీన్ని సవాలు చేసిన ఏడుగురిలో అత్యధికులు భారతదేశం నుంచి వెళ్లిన సిక్కులు. సింగ్ కేసుగా పేరొందిన ఆ వ్యాజ్యంలో 1985 ఏప్రిల్ 4న ఆరుగురు న్యాయమూర్తులూ వారి పక్షానే నిలిచారు, అయితే ముగ్గురు 1960 నాటి హక్కుల చట్టాన్నీ, మిగిలిన ముగ్గురు 1982 నాటి హక్కుల పత్రాన్నీ ఆధారం చేసుకొన్నారు. రెండవ వర్గం తీర్పు రాసిన బెర్తా విల్సన్, తానే 1949లో స్కాట్లండ్ నుంచి వలస వచ్చి, కెనడా సుప్రీంకోర్టులో తొలి మహిళా న్యాయమూర్తి అయినవారు. పత్రంలోని రక్షణ కెనడా గడ్డపై ఉన్న ప్రతి మనిషికీ వర్తిస్తుందనీ, విశ్వసనీయతే వివాదమైనప్పుడు మౌఖిక విచారణ తప్పనిసరి అనీ, పాలనా సౌలభ్యం దానికి అడ్డు కారాదనీ ఆమె నిర్ధారించారు.

ఆ తీర్పు ఫలితంగా 1989 జనవరి 1న వలస, శరణార్థి బోర్డు పని ప్రారంభించింది. విచారణను ఇద్దరు సభ్యులు జరిపేవారు. వారిలో ఒక్కరు అనుకూలించినా సాధారణంగా దరఖాస్తుదారుడు నెగ్గేవాడు. అంతవరకు బాగానే ఉంది. అయితే గదిలోకి అడుగుపెట్టిన మనిషికి న్యాయం అనుభవంలోకి వచ్చేది చట్టసూత్రాల ద్వారా కాదు, మొదటి ప్రశ్న ఎవరు వేస్తారు, తన మాటను దుబాసీ ఎలా చేరవేస్తాడు అన్న వాటి ద్వారానే. 2003లో బోర్డు జారీచేసిన మార్గదర్శకం దరఖాస్తుదారుని న్యాయవాది కంటె ముందు సభ్యుడే ప్రశ్నించే వరుసను ప్రామాణికం చేయగా, ఫెడరల్ అప్పీలు కోర్టు 2007లో ఆ వరుస దానంతటదే అన్యాయం కాదంది. తన కథను తన క్రమంలో చెప్పుకోకముందే అనుమానాలకు జవాబివ్వవలసి వచ్చినవారికి ఆ మాట ఏమంత ఊరట కాదు. అదే కోర్టు 2001లో అనువాదం నిరాటంకంగా, కచ్చితంగా, సమర్థంగా, నిష్పక్షపాతంగా, వెంటవెంటనే సాగాలని చెబుతూనే, లోపం ఉంటే తొలి అవకాశంలోనే అభ్యంతరం తెలపాలని షరతు పెట్టింది; ఇంగ్లీషు, ఫ్రెంచి రెండూ రానివాడు తన మాట తప్పుగా వెళుతోందని ఎలా గ్రహిస్తాడన్నది ఆ షరతులోని చిక్కు.

2002లో అమలులోకి వచ్చిన కొత్త చట్టం ఇద్దరు సభ్యుల స్థానంలో సాధారణంగా ఒక్కరినే కూర్చోబెట్టి, అందుకు బదులుగా శరణార్థి అప్పీళ్ల విభాగాన్ని వాగ్దానం చేసింది. కోత వెంటనే అమలైంది. అప్పీళ్ల విభాగం మాత్రం 2012 డిసెంబరుదాకా తెరుచుకోలేదు. తెరుచుకొన్నాక కూడా ఎక్కువ అప్పీళ్లు పత్రాల మీదనే తేలుతున్నాయి. చట్టం అనుమతించిన కొత్త సాక్ష్యం విశ్వసనీయతపై గట్టి ప్రశ్న లేవనెత్తి, నిర్ణయాన్నే మార్చగలిగినదైతే తప్ప మౌఖిక విచారణ ఉండదు. అమెరికా భూసరిహద్దు దాటి, మొదట చేరిన సురక్షిత దేశంలోనే ఆశ్రయం కోరాలన్న ఉభయ దేశాల ఒప్పందంలోని మినహాయింపు కింద విచారణకు అర్హత పొందినవారికైతే ఈ అప్పీలు హక్కు అసలే లేదు. ఆ నిషేధాన్ని ఫెడరల్ అప్పీలు కోర్టు 2019లో సమర్థించింది.