నెమ్మదించడం ఎవరు నేర్పారు?

"అన్నా, ఫార్మాట్ కొట్టెయ్."

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో, అటు పంజాగుట్ట కాంప్లెక్సుల్లో లాప్‌టాప్‌లు బాగుచేసేవాళ్ళు ఎండాకాలంలో తరచూ వినే మాట ఇది. కోడింగ్ నేర్చుకునే కుర్రాడు హాస్టల్ మంచం మీద, పరుపుకే ఆనించి లాప్‌టాప్ నడుపుతాడు. గాలి పీల్చే కంతలు అడుగునే ఉంటాయన్నది అతనికి పట్టదు. మిషన్ కాలిపోతుంది, మొరాయిస్తుంది. వైరస్సే అనుకుంటాడు.

చేయి తిరిగిన మెకానిక్ టాస్క్ మేనేజర్లో సీపీయూ శాతంతో ఆగడు, స్పీడ్ అంకె కూడా చూస్తాడు. స్పీడ్ బాగానే ఉండి శాతం దిగకపోతే ఏదో ప్రోగ్రామ్ తినేస్తున్నట్టు. బరువైన పని నడుస్తున్నా స్పీడ్ అట్టడుగునే ఉంటే వేడిని అనుమానించాలి. (సరిపడని చార్జర్ కూడా ఒక్కోసారి ఇదే తంతు చేయిస్తుంది.)

వేడెక్కితే స్పీడ్ ఇలా తగ్గించుకోవడం ప్రాసెసర్‌కి పుట్టుకతో వచ్చిన గుణం కాదు. 2000లో వచ్చిన పెంటియం 4లో ఇంటెల్ ఒక కాపలా పెట్టింది. వేడి హద్దు దాటితే క్లాక్‌ను క్షణక్షణం ఆపి ఆపి నడిపిస్తుంది. మరుసటి ఏడు టామ్స్ హార్డ్‌వేర్ వెబ్‌సైట్ వాళ్ళు ఆట నడుస్తున్న కంప్యూటర్లలో చిప్ మీద నుంచి వేడి లాగే హీట్‌సింక్ ఊడబీకి చూశారు. పెంటియం 3 ఆగిపోయింది. ఏఎండీ అథ్లాన్ పొగలు కక్కి చచ్చింది. పెంటియం 4లో ఆట మాత్రం నత్తనడకన సాగుతూనే ఉంది. కస్టమర్ తిట్టుకునే ఆ నత్తనడకే చిప్‌ని బతికించింది.

లాప్‌టాప్‌లో చిప్ వేడిని బయటికి మోసే రాగి గొట్టం కథ ఇంకా పాతది. జనరల్ మోటార్స్‌లో రిచర్డ్ గాగ్లర్ ఫ్రిజ్‌ల కోసం ఊహించి, 1944లో పేటెంట్ పొందాడు. కంపెనీ పక్కన పడేసింది. 1963లో లాస్ అలమోస్‌లో జార్జ్ గ్రోవర్ అంతరిక్ష అణువిద్యుత్ పనుల కోసం మళ్ళీ విడిగా కనిపెట్టి 'హీట్ పైప్' అని పేరు పెట్టాడు. మూసిన గొట్టం, లోపల గాలి తీసేసి కాస్త నీళ్ళు. ఒత్తిడి తక్కువ కాబట్టి ఆ నీళ్ళు నూరు డిగ్రీలు రాకముందే మరుగుతాయి. ఆవిరి ఫ్యాన్ కొసకి పరుగెత్తి, చల్లబడి నీరై, లోగోడల సన్న రంధ్రాల్లోంచి పాకుతూ చిప్ దగ్గరికి తిరిగొస్తుంది. మోటారు లేదు, కరెంటూ అక్కర్లేదు. 1990లలో ఇది లాప్‌టాప్‌లోకి చేరింది.

ఇంత తెలివైన గొట్టాన్నీ ఓడించేది మెట్రో రోడ్డు దుమ్ము. ఫ్యాన్ విప్పితే, గాలి బయటికి పోయే సన్న రేకులకి అడ్డంగా బూడిదరంగు దుప్పటి పరిచినట్టు పేరుకుని ఉంటుంది. దాన్ని బ్రష్‌తో లాగి, చిప్ మీద ఎండిన, వేడిని గొట్టానికి అందించే పేస్టు తుడిచి, కొత్తది బఠాణీ గింజంత పెట్టి, స్క్రూలు ఎదురెదురుగా బిగిస్తారు. స్పీడ్ అంకె పైకొచ్చిందా, సరే.

రాకపోతే చూద్దాం ఫార్మాట్ సంగతి.