షుగరు పుండుకు కరెంటు వైద్యం

ఫిజియోథెరపీ చేయించుకోవడాన్ని మన విజయవాడ ప్రాంతంలో ‘కరెంటు పెట్టించుకోవడం’ అంటారు. నడుము నొప్పికి కరెంటు పెట్టినప్పుడు మానని షుగరు పుండుకు ఎందుకు పెట్టకూడదని అడిగేవారు ఉన్నారు. అది తోసిపుచ్చదగిన ప్రశ్న కాదు.

జీవుల శరీరంలోనే విద్యుత్తు ఉన్నదని కప్ప కాలిపై చేసిన ప్రయోగాలతో గాల్వానీ 1791లో వాదించాడు. గాయపడిన మానవ చర్మం నుండి అతి స్వల్పమైన విద్యుత్ ప్రవాహం వెలువడుతుందని జర్మనీ శాస్త్రవేత్త డ్యూబోయ్ రేమాన్ 1843లో కొలిచి చూపాడు. నిజానికి ఆరోగ్యవంతమైన చర్మం ఒక చిన్న బ్యాటరీ వంటిది. కాలువ గట్టుకు గండి పడితే నీరు అటు మళ్లినట్లు, చర్మం తెగినచోటికి ఆ ప్రవాహం మళ్లుతుంది; దాని దిశను పట్టుకొని కొత్త కణాలు అంచుల నుండి లోనికి పాకుతాయి. పుండు పూర్తిగా ఎండిపోతే ఈ ప్రవాహం క్షీణిస్తుంది. ఆరబెట్టాలని పుండుపై పొడులు చల్లేవారు గమనించవలసిన సంగతి ఇది.

ఆ సహజ ప్రవాహానికి బయటి నుండి తోడ్పాటు ఇవ్వవచ్చునా? అమెరికాలో వోల్కాట్ బృందం 1969లో దీర్ఘకాలిక పుండ్లకు మైక్రో ఆంపియర్లలో కొలిచే కరెంటు ఇచ్చి, అవి త్వరగా మానినట్లు ప్రకటించింది. 2001లో వెలువడిన మరొక అమెరికన్ పరిశోధనలో నలభై మంది మధుమేహ రోగులకు వెండిపూత నైలాన్ మేజోడు తొడిగి, సగం మందికి రాత్రివేళ నిజంగా కరెంటు ఇచ్చారు, మిగిలినవారికి ఇచ్చినట్లు నటించారు. పన్నెండు వారాలలో మొదటివారిలో 65 శాతం మందికి, రెండవవారిలో 35 శాతం మందికి పుండ్లు మానాయి. ఫలితం ఆశాజనకమే గాని, గణాంకపరంగా నిర్ణాయకం కాలేదు. అందరికీ చచ్చిన కండ తొలగించి, పాదంపై భారం పడని బూట్లు కూడా ఇచ్చారన్నది మరువరాదు.

ఆ ‘భారం పడకుండా’ అన్న సూత్రానికి మన దక్షిణాదిలోనే లోతైన వేళ్లున్నాయి. 1930 దశకంలో సిలోన్‌లోనూ, ఇక్కడా కుష్ఠురోగుల అరికాలి పుండ్లకు ప్లాస్టర్ కట్టు వేసేవారు. మన చిత్తూరు సరిహద్దుకు అవతలనే ఉన్న వెల్లూరులో, 1946లో వచ్చిన పాల్ బ్రాండ్, ఆ పుండ్లకు కారణం మాంసం కుళ్లడం కాదనీ, స్పర్శ లేని పాదంపై పదే పదే పడే ఒత్తిడి అనీ గ్రహించాడు. 1966లో ఆయన అమెరికా వెళ్లిన తరువాత ఆ జ్ఞానం అక్కడి షుగరు రోగుల పాదాలకూ ఉపకరించింది.

డెల్టాలో ఈ చికిత్సకు అడ్డు నాట్ల బురద. వట్టికాళ్లతో ఇంద్రకీలాద్రి ఎక్కే భవానీలలోనూ స్పర్శ తగ్గిన పాదాలు ఉంటాయి. ప్లాస్టర్ కట్టు వారాల తరబడి నడకను, పనిని, దీక్షను ఆపమంటుంది. కరెంటు యంత్రం ఏమీ మానమని అడగదు. దానిపై మోజుకు అసలు కారణం ఇదేనని నా అభిప్రాయం.

అంతర్జాతీయ మధుమేహ పాద మార్గదర్శకాలు ప్రామాణిక చికిత్సకు బదులుగా విద్యుత్తును ఎంచుకోవద్దని 2019లో సూచించాయి. ఇక తోడుగా వాడదలచినా, ముందు కాలికి రక్తప్రసరణ పరీక్షించాలి. పేస్‌మేకర్ ఉన్నవారికీ, చికిత్స జరగని ఎముక చీము ఉన్నవారికీ, పుండులో కేన్సర్ అనుమానం ఉన్నవారికీ కరెంటు పెట్టరాదు.