ఐదు డాలర్ల టికెట్టు: వాషింగ్టన్ పంక్ సంగీత చరిత్ర

అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో పంక్ సంగీతం 1976, 77 ప్రాంతాల్లో మొదలైంది. గిటారు, బేస్, డ్రమ్స్, ఒక గొంతు ఉంటే పంక్ బ్యాండుకు సరిపోతుంది. పాట రెండు నిమిషాలు దాటడం తక్కువ. సంగీతం క్షుణ్ణంగా నేర్చుకుని వేదిక ఎక్కాలన్న నియమం లేదు, వేదిక మీదే నేర్చుకోవచ్చు. న్యూయార్క్, లండన్ నగరాల్లో ఈ సంగీతం వెనక పత్రికలూ రికార్డు కంపెనీలూ చేరాయి. వాషింగ్టన్ ప్రభుత్వ కార్యాలయాల ఊరు. అక్కడ చెప్పుకోదగ్గ పెద్ద రికార్డు కంపెనీ లేదు, కొత్త బ్యాండ్లను వెతుక్కుంటూ వచ్చే వ్యాపారులూ లేరు. కచేరీకి హాలు వెతుక్కోవడం, రికార్డు అచ్చు వేయించడం, దాన్ని అమ్ముకోవడం అన్నీ బ్యాండ్ల వాళ్లే చేసుకోవలసి వచ్చింది. ఈ ఊరి పంక్‌కు దాని ప్రత్యేకత అక్కడినుంచే వచ్చింది.

తొలి తరంలో స్లికీ బాయ్స్ లాంటి బ్యాండ్లు ఉండేవి. నగరం పక్కనే మేరీలాండ్‌లోని రాక్‌విల్‌లో స్కిప్ గ్రాఫ్ 1977లో ‘యెస్టర్డే అండ్ టుడే’ అనే రికార్డుల దుకాణం తెరిచాడు. మరుసటి ఏడాది ‘లింప్’ పేరుతో సొంత లేబుల్ పెట్టి స్థానిక బ్యాండ్ల రికార్డులు తెచ్చాడు. జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం రేడియో కేంద్రం డబ్ల్యూజీటీబీ ఇంకెక్కడా వినిపించని పాటలు వేసేది. ఆ కేంద్రం ధోరణి నచ్చని విశ్వవిద్యాలయం 1979లో దాన్ని ఒక్క డాలరుకు మరో విద్యాసంస్థకు ఇచ్చేసింది. కేంద్రానికి మద్దతుగా ఆ ఏడాది ఫిబ్రవరి 3న విశ్వవిద్యాలయం హాల్లో న్యూయార్క్ బ్యాండు క్రాంప్స్ కచేరీ జరిగింది. హాలు పట్టనంత జనం వచ్చారు. తర్వాత పదేళ్లు ఈ ఊరి సంగీతాన్ని నడిపిన కుర్రాళ్లలో కొందరు ఆ రాత్రి అక్కడ ఉన్నారు. హైస్కూలు విద్యార్థి ఇయాన్ మకాయ్ వారిలో ఒకడు.

ఆ రోజుల్లో వాళ్లకు ఊళ్లోనే ఒక గురుపీఠం ఏర్పడింది. బ్యాడ్ బ్రెయిన్స్ నలుగురు నల్లజాతి యువకుల బ్యాండు. మొదట్లో వాళ్లు జాజ్ ఫ్యూజన్ వాయించేవారు. గాయకుడు హెచ్.ఆర్.కు నెపోలియన్ హిల్ రాసిన ‘థింక్ అండ్ గ్రో రిచ్’ పుస్తకం తండ్రి ద్వారా అందింది. సానుకూల దృక్పథం గురించి అందులో చెప్పిన మాటలను ఆ బ్యాండు పాటల్లోకి తెచ్చుకుంది. జాజ్‌లో పదును తేలిన చేతులు పంక్‌కు మళ్లేసరికి అంతవరకూ ఎవరూ అందుకోని వేగం వచ్చింది. అంత వేగంలోనూ లయ చెదిరేది కాదు. 1980లో తొలి సింగిల్, 1982లో న్యూయార్క్‌లోని రోయిర్ సంస్థ ద్వారా తొలి ఆల్బం క్యాసెట్టుగా వచ్చాయి. ఆ పాటికి బ్యాండు న్యూయార్క్‌కు మకాం మార్చింది. సొంత ఊళ్లో వేదికలు దొరకని సంగతి మీద వాళ్లు ఒక పాటే కట్టారు. 1980 జనాభా లెక్కల ప్రకారం వాషింగ్టన్‌లో నల్లజాతివారు 70 శాతం. పంక్ కుర్రాళ్లలో ఎక్కువమంది వాయవ్య ప్రాంతపు తెల్లవారి ఇళ్లనుంచి వచ్చారు. వాళ్లకు వాయించడం ఎలాగో చూపినవాళ్లు మాత్రం బ్యాడ్ బ్రెయిన్స్. ఈ చరిత్ర రాసేటప్పుడు దాటవేయకూడని విషయం ఇది.

విల్సన్ హైస్కూలు విద్యార్థులు 1979లో టీన్ ఐడిల్స్ అనే బ్యాండు పెట్టారు. మకాయ్ బేస్, జెఫ్ నెల్సన్ డ్రమ్స్ వాయించేవారు. వాళ్లకు ఎదురైన పెద్ద అడ్డంకి వయసు. కచేరీలు జరిగే చోట్లలో చాలావరకు మద్యం అమ్మేవి కాబట్టి తక్కువ వయసువాళ్లను లోపలికి రానిచ్చేవారు కాదు. 1980 వేసవిలో బ్యాండు బస్సెక్కి కాలిఫోర్నియా వెళ్లింది. సామాను మోయడానికి వెంట వెళ్లిన స్నేహితుడు హెన్రీ గార్‌ఫీల్డ్, తర్వాత హెన్రీ రోలిన్స్‌గా ప్రసిద్ధుడైన గాయకుడు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని మబుహే గార్డెన్స్‌లో ఈ పిల్లల చేతుల వెనక నల్లటి మార్కరుతో ఇంటూ గుర్తు వేసి లోపలికి పంపారు. గుర్తు కనిపిస్తే మద్యం ఇవ్వరన్నమాట. ఊరికి తిరిగొచ్చాక అదే పద్ధతిని 9:30 క్లబ్బు ముందు పెట్టారు. ఎఫ్ వీధిలో 930 నంబరు భవనంలో 1980 మే నెలాఖరున తెరిచిన క్లబ్బు అది, అధికారికంగా 199 మంది పట్టే చోటు. క్లబ్బు ఒప్పుకుంది. చేతి మీది గుర్తు ఆ తర్వాత దేశదేశాల పంక్ కుర్రాళ్లకు చిహ్నమైంది.

1980 నవంబరు 6న టీన్ ఐడిల్స్ ఆఖరి కచేరీ అక్కడే జరిగింది. అప్పటికి బ్యాండు దగ్గర సుమారు 600 డాలర్లు పోగయ్యాయి. తలా కొంత పంచుకోకుండా ఆ డబ్బుతో రికార్డు వేయాలని నలుగురూ నిర్ణయించుకున్నారు. పాటలు అప్పటికే రికార్డయి ఉన్నాయి. అచ్చు వేయించే దారి స్కిప్ గ్రాఫ్ చూపించాడు. ఎనిమిది పాటల ఏడంగుళాల రికార్డు, వెయ్యి కాపీలు. అట్ట తయారీ మాత్రం ఇంట్లోనే జరిగింది. ఒక పాత రికార్డు అట్టను అంటించిన చోట ఊడదీసి, కొలతలు గీసుకుని, ఆ ఆకారంలో కాగితం మీద అచ్చు వేయించారు. తర్వాత స్నేహితులంతా నేల మీద కూర్చుని కత్తెరతో కత్తిరించి, మడతపెట్టి, జిగురు పూశారు. ఆ తర్వాత వచ్చిన కొన్ని రికార్డులకూ అట్టలు ఇలాగే వేల సంఖ్యలో చేతితో తయారయ్యాయి. ‘మైనర్ డిస్టర్బెన్స్’ అనే ఆ తొలి రికార్డు అట్ట మీద ఇంటూ గుర్తులున్న రెండు పిడికిళ్లు కనిపిస్తాయి. లేబుల్ పేరు డిస్కార్డ్. రికార్డు బయటికి వచ్చే సరికి బ్యాండు లేదు. విడిపోయిన బ్యాండు పాటలు పోకుండా ఉండాలనే కోరికే ఈ లేబుల్‌కు పునాది.

అమ్ముడుపోయిన డబ్బు తర్వాతి రికార్డుకు, దాని డబ్బు ఆ తర్వాతి రికార్డుకు వెళ్లింది. మకాయ్, నెల్సన్ నడిపిన డిస్కార్డ్ వాషింగ్టన్, దాని చుట్టుపక్కల బ్యాండ్ల పాటలే వేసింది. రాతకోతల ఒప్పందాలు లేవు. ఖర్చులు పోగా మిగిలింది బ్యాండుకూ లేబుల్‌కూ చెరిసగం. దుకాణాలు ధర పెంచకుండా అట్ట మీదే పోస్టు ఖర్చుతో సహా ధర అచ్చు వేసేవారు. 1981లో లేబుల్ మకాం వర్జీనియాలోని ఆర్లింగ్టన్‌లో ఒక అద్దె ఇంటికి మారింది. రికార్డింగులు ఎక్కువగా అదే ఊళ్లో డాన్ జియెంటారా తన ఇంటి నేలమాళిగలో నడిపిన ఇన్నర్ ఇయర్ స్టూడియోలో జరిగేవి. 1982లో వచ్చిన ‘ఫ్లెక్స్ యువర్ హెడ్’ 11 బ్యాండ్ల పాటలు 32 కలిపిన సంకలనం. అప్పటికి ఊరి పంక్ ఎంత విస్తరించిందో చూడాలంటే ఆ ఒక్క రికార్డు చాలు.

మకాయ్, నెల్సన్ 1980 చివర్లో పెట్టిన మైనర్ థ్రెట్ ఈ దశకు శిఖరం. మద్యం, మాదకద్రవ్యాలు వద్దంటూ వాళ్లు పాడిన ‘స్ట్రెయిట్ ఎడ్జ్’ పాట నిడివి 46 సెకన్లు. ఆ పాట పేరుతో ప్రపంచమంతటా ఒక జీవన విధానమే పుట్టింది. తాను ఉద్యమం పెట్టలేదని మకాయ్ ఎన్నోసార్లు చెప్పినా అది ఆగలేదు. 1983 సెప్టెంబరు 23న జరిగిన మైనర్ థ్రెట్ చివరి కచేరీలో అదే వేదిక మీద ట్రబుల్ ఫంక్ కూడా వాయించింది. అది నల్లజాతి యువత సొంతంగా పెంచుకున్న గోగో సంగీతపు బ్యాండు. ఒకే ఊళ్లో విడివిడిగా పెరిగిన రెండు సంగీతాలు ఒక చోట కలిసిన రాత్రి అది. ఇలాంటి రాత్రులు ఇంకా ఎన్నో జరిగి ఉండాల్సింది.

ఆ తర్వాత కచేరీల్లో కొట్లాటలు పెరిగాయి. పాట కోసం కాకుండా గొడవ కోసం వచ్చే వాళ్లను చూసి పాత వాళ్లు కొందరు రావడం మానేశారు. 1985 వేసవిలో రైట్స్ ఆఫ్ స్ప్రింగ్, ఎంబ్రేస్, బీఫీటర్ లాంటి కొత్త బ్యాండ్లు మరో దారి తొక్కాయి. వేగం కొంత తగ్గి, పాటలోకి మనసులోని బాధ, సందేహం వచ్చాయి. ఆ కాలాన్ని ‘రెవల్యూషన్ సమ్మర్’ అంటారు. అదే ఏడాది జూన్‌లో వర్ణవివక్షకు నిరసనగా దక్షిణాఫ్రికా దౌత్య కార్యాలయం ముందు డబ్బాలు, డ్రమ్ములు మోగించారు. పాజిటివ్ ఫోర్స్ అనే కార్యకర్తల బృందం కూడా ఆ ఏడాదే ఏర్పడింది. ఇళ్లులేని వాళ్లకు, వృద్ధులకు, వైద్యశాలలకు డబ్బు పోగుచేయడానికి ఆ బృందం కొన్ని వందల కచేరీలు పెట్టించింది.

1987 సెప్టెంబరు 3న విల్సన్ సెంటర్‌లో ఫుగాజీ తొలి కచేరీ జరిగింది. మకాయ్, జో లాలీ, బ్రెండన్ కాంటీలతో మొదలైన ఈ బ్యాండులో తర్వాత రైట్స్ ఆఫ్ స్ప్రింగ్ గాయకుడు గై పిచొట్టో చేరాడు. టికెట్టు ఐదు డాలర్లు దాటకుండా చూడటం, ఏ వయసు వాళ్లనైనా రానివ్వడం వాళ్ల నియమాలు. బ్యాండు పేరుతో చొక్కాలు అమ్మేవారు కాదు. తోపులాటలో ఎవరైనా పక్కవాళ్లను కొడుతుంటే పాట మధ్యలో ఆపేసి, ఆ మనిషిని మందలించేవారు. వినకపోతే కవరులో పెట్టిన ఐదు డాలర్లు చేతికిచ్చి బయటికి పంపేవారు. అలాంటి కవర్లు వాళ్ల వ్యానులో ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి. 1991 జనవరిలో గల్ఫ్ యుద్ధం మొదలవబోతుండగా వైట్‌హౌస్ ఎదుటి పార్కులో, చలిలో వాయించారు. పదిహేనేళ్లలో వెయ్యికి పైగా కచేరీలు చేసి, 2002 నవంబరులో లండన్ కచేరీ తర్వాత విరామం తీసుకున్నారు. ఆ కచేరీల్లో 800కు పైగా టేపు మీద ఎక్కాయి. 2011 డిసెంబరు నుంచి వాటిని ఒక్కొక్కటీ ఐదు డాలర్ల సూచిత ధరకు ఇవ్వడం మొదలుపెట్టారు. పాత టికెట్టు ధరే రికార్డు ధర కూడా అయింది.

ఈ వేదికల ముందు వరుసలో ఆడపిల్లలకు చోటు దొరకడం కష్టంగా ఉండేది. అయితే ఫొటోలు తీసినవాళ్లలో, పత్రికలు నడిపినవాళ్లలో వాళ్లు మొదటినుంచీ ఉన్నారు. 1988లో వచ్చిన ఫొటోల పుస్తకం ‘బ్యాన్డ్ ఇన్ డి.సి.’ని కూర్చింది సింథియా కానలీ, లెస్లీ క్లేగ్, షారన్ చెస్లో. జెన్నీ టూమీ, క్రిస్టిన్ థామ్సన్ ఆర్లింగ్టన్‌లో నడిపిన సింపుల్ మెషీన్స్ లేబుల్ రికార్డు తయారీకి ఒక చిన్న మార్గదర్శి పుస్తకం అచ్చు వేసింది. దాన్ని చూసి ఎక్కడెక్కడి పిల్లలో రికార్డులు వేసుకున్నారు. 1991 వేసవిలో బికినీ కిల్, బ్రాట్‌మొబైల్ బ్యాండ్లు ఊళ్లో ఉన్నప్పుడు ‘రయట్ గర్ల్’ పేరుతో చిన్న పత్రిక, ఆడవాళ్ల సమావేశాలు మొదలయ్యాయి. సమావేశాలు పాజిటివ్ ఫోర్స్ ఇంట్లో జరిగేవి.

నిర్వాణా బ్యాండు విజయం తర్వాత పెద్ద కంపెనీల చూపు ఈ ఊరి మీదా పడింది. జాబాక్స్ అట్లాంటిక్‌కు, షడర్ టు థింక్ ఎపిక్‌కు వెళ్లి 1994లో ఆల్బమ్‌లు తెచ్చాయి. డిస్కార్డ్, ఫుగాజీ కదలలేదు. 9:30 క్లబ్బు 1996లో వి వీధిలోని పెద్ద భవనానికి మారింది. అద్దెలు పెరిగాక చిన్న కచేరీలు చర్చి హాళ్లకూ ఇళ్ల నేలమాళిగలకూ చేరాయి. విల్సన్ హైస్కూలు ఎదుటి ఫోర్ట్ రీనో పార్కులో వేసవి సాయంత్రాలు మాత్రం 1968 నుంచి ఉచితంగానే సాగాయి. అక్కడ మద్యం ఉండదు. పిల్లల్ని ఎత్తుకుని తల్లిదండ్రులు గడ్డి మీద కూర్చుంటారు. 2014లో పార్కు అధికారులు పోలీసు ఖర్చు నిర్వాహకులనే భరించమనడంతో అవి ఆగే పరిస్థితి వచ్చింది. జనం సంతకాలు పోగుచేశారు, నగర ప్రతినిధి ఎలినార్ హోమ్స్ నార్టన్ కల్పించుకోవడంతో అవి మళ్లీ మొదలయ్యాయి.

అదే ఏడాది నగర గ్రంథాలయం పంక్ సేకరణ ఒకటి మొదలుపెట్టింది. గోడలకు అంటించిన కచేరీ కాగితాలు, చేతిరాత పత్రికలు, క్యాసెట్లు ఇప్పుడు మార్టిన్ లూథర్ కింగ్ గ్రంథాలయంలో పాఠకులకు అందుతాయి. సేకరణకు ప్రచారంగా గ్రంథాలయంలోనే కచేరీలు కూడా పెట్టారు. కొత్త తరంలో ప్రీస్ట్స్ బ్యాండు తన సొంత లేబుల్ సిస్టర్ పాలిగన్ ద్వారా 2017లో ‘నథింగ్ ఫీల్స్ న్యాచురల్’ తెచ్చింది. డిస్కార్డ్ 2020లో మకాయ్, ఏమీ ఫరీనా, జో లాలీల బ్యాండు కొరికీ తొలి ఆల్బం వేసింది. ఇన్నర్ ఇయర్ స్టూడియో 1990 నుంచి ఉన్న భవనాన్ని ఆర్లింగ్టన్ కౌంటీ కొనడంతో 2021లో ఖాళీ చేసింది. 9:30 క్లబ్బు యాజమాన్యం ఎఫ్ వీధి నాటి పాత హాలును తలపించేలా 2023 మే నెలలో ‘ది అట్లాంటిస్’ అనే చిన్న వేదికను తెరిచింది. తొలి కచేరీ ఫూ ఫైటర్స్‌ది. ఆ బ్యాండు నాయకుడు డేవ్ గ్రోల్ ఒకప్పుడు ఇదే ప్రాంతపు పంక్ బ్యాండు స్క్రీమ్‌లో డ్రమ్స్ వాయించాడు.