గూడ్సు బండి ఫొటోలో మన కొండ పేరు

కొత్తవలస నుంచి కిరండూల్ దాకా సుమారు 445 కిలోమీటర్లు సాగే కేకే లైను ప్రయాణికుల కోసం పుట్టింది కాదు. బస్తర్‌లోని బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దింపి, అక్కడి నుంచి ఓడల్లో జపాన్‌కు పంపడానికి 1960లలో ఆ దేశ సహకారంతో ఈ దారి వేశారు. అందుకోసం మన కొండల్ని తొలిచారు. మార్గం మొత్తం మీద 58 సొరంగాలున్నాయి. బొర్రా గుహల పైనుంచే పట్టాలు పోతాయి. శిమిలిగూడ స్టేషన్ సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది.

రైళ్లంటే ప్రాణమిచ్చే ఫొటోగ్రాఫర్లకు ఈ దారి ఎంతో ఇష్టం. ఖనిజంతో దిగే బండ్లు, ఖాళీగా ఎక్కే బండ్లు, ఒక్కో బండికి రెండు మూడు ఇంజన్లు, పొగమంచు, వలిసె పూల పసుపు: ఇంకేం కావాలి? 1980ల చివర స్వీడన్, జపాన్‌ల నుంచి తెచ్చిన డబ్ల్యూఏజీ-6 ఇంజన్లు ఇప్పుడు పట్టాల మీద లేవు. ఆ రోజుల్లో ఓపిగ్గా కాపు కాసి తీసిన ఫొటోల వల్లే అవి ఈ మలుపుల్లో ఎలా నడిచాయో నేడు చూడగలుగుతున్నాం. ఆ శ్రమను మనం గౌరవించాలి.

అయితే అలాంటి చాలా ఫొటోల కింద ఇంజన్ నంబరు ఉంటుంది, తేదీ ఉంటుంది, స్టేషన్ పేరు ఉంటుంది. వెనకున్న కొండ పేరు ఉండదు. వలిసె చేను పూలతోటలా కనిపిస్తుంది గాని, అది నూనె గింజల పంట అనీ, దాన్ని వేసిన కుటుంబం పలానా అనీ తెలియదు. 2017లో విస్టాడోమ్ అద్దాల బోగీ వచ్చాక కిటికీలోంచి తీసే ఫొటోలు ఇంకా పెరిగాయి. పేర్లు మాత్రం పెరగలేదు.

పేరు లేని ఫొటో కొన్నేళ్లకు ఎవరిదీ కాకుండా పోతుంది. సొరంగాల కోసం మందుగుండు పేలినప్పుడు విన్న పిల్లలు ఇప్పుడు అరవై, డెబ్బై దాటిన పెద్దలు. ఏ వాగు దారి మళ్లిందో, ఏ కాలిబాట మూసుకుపోయిందో, సంతకు నడిచే దారి ఎలా మారిందో వాళ్లే చెప్పాలి.

అందుకే మన యువతను కోరేది ఒక్కటే. మీ చేతిలో ఫోన్ ఉంది. గూడ్సు బండిని తీయండి, బాగా తీయండి. కింద తేదీ, ఊరుతో పాటు కొండ పేరు, వాగు పేరు రాయండి. కువిలోనో, పోర్జాలోనో, ఆదివాసీ ఒడియాలోనో పెద్దలు పిలిచే పేరే రాయండి. మనిషి ఫొటోలో ఉంటే అడిగి తీయండి, ఒప్పుకుంటే పేరు చేర్చండి. పట్టాల మీదికి, సొరంగాల్లోకి మాత్రం వెళ్లొద్దు. అది ప్రాణాపాయం, 1989 రైల్వే చట్టం ప్రకారం నేరం కూడా. చేను గట్టు మీద నుంచి, ఊరి మెరక నుంచి బండి ఇంకా అందంగా కనిపిస్తుంది. ఆ చోటు మనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఖనిజం ఎంత తరలిందో లెక్కలు ఆఫీసుల్లో భద్రంగా ఉంటాయి. అది ఏయే కొండల మీదుగా, ఎవరి చేల పక్కనుంచి వెళ్లిందో మనమే రాసి పెట్టుకోవాలి.