ఒక్కరోజు పూవు: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పెరళ్లకు ఏ డేలిల్లీ?

పూలంగడికి వెళ్లి లిల్లీ ఇమ్మంటే మన దగ్గర చేతిలో పెట్టేది నేలసంపెంగ. తెల్లటి పూలు, పొద్దుగూకాక గుప్పుమనే వాసన, దండలకు కిలోల లెక్కన అమ్మకం. తొలకరి పడ్డ కొద్ది రోజులకే కుండీలో గులాబీ రంగున విచ్చుకునేది కూడా లిల్లీయే, దాన్ని రెయిన్ లిల్లీ అంటారు. ఎండలు ముదిరిన వేళ నేలలోంచి ఎర్రబంతిలా లేచేది ఫుట్‌బాల్ లిల్లీ. కంచెల మీదికి పాకి నిప్పురవ్వల్లా పూసే అడవినాభికి ఇంగ్లీషువాళ్లు పెట్టిన పేరు ఫ్లేమ్ లిల్లీ. ఈ గుంపులోకి డేలిల్లీ అనే మరో పేరు నర్సరీల దారినా ఆన్‌లైన్ అంగళ్ల దారినా వస్తోంది. బొమ్మ చూసి మనం ముందుగా ఎంచుకునేది రంగునే. కానీ జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నేలకు డేలిల్లీని ఎంచేటప్పుడు రంగు కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: చలికాలంలో దీని ఆకు ఏమవుతుంది? ఉన్న ఆధారాలను ఒక్కొక్కటిగా చూస్తే ఆ ప్రశ్నకు ఎందుకింత బరువు ఇస్తున్నానో తెలుస్తుంది.

ముందు చుట్టరికం సంగతి. డేలిల్లీ శాస్త్రీయ నామం హెమరోకాలిస్. గ్రీకులో హెమెరా అంటే పగలు, కాలోస్ అంటే అందం. 1753లో లినేయస్ దీనికి శాస్త్రీయ నామం పెట్టిన నాటి నుంచి చాలాకాలం దీన్ని లిల్లీ కుటుంబంలోనే లెక్కించారు. జన్యు ఆధారాలు వచ్చాక ఆ లెక్క మారింది. 2016లో వచ్చిన పూలమొక్కల ఏపీజీ నాలుగో వర్గీకరణ ప్రకారం ఇది ఆస్ఫొడెలేసీ కుటుంబానిది, అంటే మన వాకిట్లో కుండీలో ఉండే కలబంద కుటుంబానిది. ఉల్లి, వెల్లుల్లి, నేలసంపెంగ, రెయిన్ లిల్లీ కూడా ఇదే క్రమంలోని, అంటే కుటుంబాల గుంపులోని, దూరపు బంధువులు. నిజమైన లిల్లీలది, అంటే ఆసియాటిక్, ఓరియెంటల్ పేర్లతో అమ్మేవాటిది, వేరే క్రమం. విశేషమేమిటంటే, పైన చెప్పిన మన ఊరి లిల్లీలన్నింటిలో ఆ నిజమైన లిల్లీ క్రమానికి చెందినది అడవినాభి ఒక్కటే.

ఈ వర్గీకరణ తోటమాలికి ఎందుకు అంటారేమో. వేరు కోసమే. రెయిన్ లిల్లీది ఉల్లిగడ్డ లాంటి గడ్డ, కొన్నాళ్లు నీళ్లు లేకున్నా మట్టిలో ముడుచుకుని ఉండగలదు. డేలిల్లీకి గడ్డ ఉండదు. మొదలు నుంచి కండపట్టిన దుంపవేళ్లు దిగుతాయి, పైన ఆకులు విసనకర్రలా రెండు వరసల్లో విచ్చుకుంటాయి, పూకాడ వాటి మధ్య నుంచి ఆకు లేకుండా లేచి కొమ్మలు వేస్తుంది. కనుక ఎవరైనా గుండ్రటి గడ్డ చూపి డేలిల్లీ అంటే అది డేలిల్లీ కాదు. కాడ పొడవునా ఆకులు పట్టి ఉంటే అది నిజమైన లిల్లీ. కాడకు ఒకే పూవుండి ఆకు ఉల్లాకులా సన్నగా ఉంటే రెయిన్ లిల్లీ. బొమ్మ కన్నా నమ్మదగిన సాక్ష్యం మొదలే.

పూవు ఒక్కరోజే ఉంటుందన్న మాట విని వెనక్కి తగ్గేవారుంటారు. మందారం కూడా అంతే కదా. గుమ్మడిపూవు మధ్యాహ్నానికే ముడుచుకుంటుంది. డేలిల్లీ పూకాడ మీద పదికి పైగా మొగ్గలు వరసగా ఎదుగుతాయి, మంచి రకాల్లో ఇరవై ముప్పై దాకా ఉంటాయి. ఇవాళ రాలిన పూవు పక్కనే రేపటి మొగ్గ సిద్ధంగా ఉంటుంది. దుబ్బు ముదిరి నాలుగైదు కాడలు వేస్తే కొన్ని వారాల పాటు పూత ఆగదు. అయితే బతుకమ్మకు పనికొస్తుందని ఆశ పెట్టుకోకూడదు. దీని ప్రధాన పూత వసంతానిది, బతుకమ్మేమో భాద్రపద అమావాస్య నాడు మొదలవుతుంది. తంగేడు, గునుగు ఉన్న తావులో దీనికి పనిలేదు.

ఇక రకాలు. పుట్టిల్లు చైనా, జపాన్, కొరియా. ఆ అడవి జాతులు పసుపు, నారింజ, తుప్పు రంగులవి. తోటల కోసం కావాలని సంకరం చేసిన తొలివారిలో ఇంగ్లండు బడిపంతులు జార్జ్ యెల్డ్ ఒకరు. ఆయన 'ఆప్రికాట్' 1893 నాటిది. ఆ తర్వాత న్యూయార్క్ బొటానికల్ గార్డెన్‌లో ఆర్లో బర్డెట్ స్టౌట్ దశాబ్దాల తరబడి కూర్చుని చేసిన పని ఈ మొక్క చరిత్రనే మార్చింది. ఆయన పుస్తకం 1934లో వచ్చింది. లోకమంతా రోడ్ల పక్కన కనిపించే నారింజ రంగు ఫల్వా డేలిల్లీ విత్తనం కట్టకపోవడానికి కారణమేమిటో ఆయన శోధించారు. మామూలు డేలిల్లీలో 22 క్రోమోజోములుంటే దానిలో 33 ఉన్నాయి. విత్తనం లేని ఆ మొక్క కేవలం పిలకల ద్వారా, మనుషుల చేతుల మీదుగా ఖండాలు దాటిందన్నమాట. పసుపు కొమ్ము, అరటి పిలక కూడా ఇలాగే కదా తరాలు దాటివచ్చాయి.

44 క్రోమోజోముల రకాలు ఆ తర్వాతివి. 1937లో కొల్చిసిన్ అనే మందుతో మొక్కల క్రోమోజోములను రెట్టింపు చేయవచ్చని తేలింది. డేలిల్లీ సంకరకారులు ఆ దారి పట్టి రేకు మందం, రంగు చిక్కదనం పెంచారు. ఈ కొల్చిసినే మన అడవినాభి దుంపలోనూ గింజలోనూ ఉంటుంది. తమిళనాడు రైతులు ఆ గింజ కోసమే దాన్ని సాగు చేస్తారు. పొదల మీద పూసే ఒక విషపుమొక్కలోని పదార్థం పరదేశపు పూదోటల రూపాన్ని మార్చిందన్న సంగతి నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

1946లో ఏర్పడిన అమెరికన్ హెమరోకాలిస్ సొసైటీ దగ్గర నేడు నమోదైన రకాలు లక్ష దాటాయి. పూవు వెడల్పు 3 అంగుళాల లోపుంటే మినియేచర్, నాలుగున్నర లోపు చిన్నది, ఆపైన పెద్దది. రేకు పొడవు వెడల్పుకు నాలుగింతలు లేదా ఆపైన ఉంటే స్పైడర్. ముద్దపూలు, అంచు ముడతలవి, గొంతు చుట్టూ మరో రంగు కన్నున్నవి ఉన్నాయి. ఇవన్నీ చూడముచ్చటైన తేడాలే గానీ మన ఎండకు జవాబివ్వవు.

జవాబిచ్చేది ఆకు. దాన్ని బట్టి మూడు తరగతులు: చలికి ఆకు పూర్తిగా ఎండి మొదలు నిద్రపోయేవి, ఏడాది పొడవునా పచ్చగా ఉండేవి, మధ్యరకం. నిద్ర అంటే ఏమిటో కోరుట్ల, మెట్‌పల్లి పసుపు రైతుకు చెప్పనక్కర లేదు. చలికాలంలో ఆకు పండి ఎండుతుంది, దుంప భూమిలో ఊరకుంటుంది, మళ్లీ సీజన్‌కు మొలక వేస్తుంది. తేడా ఒకటే. పసుపుకు మన వాతావరణం తెలుసు. నిద్రపోయే డేలిల్లీలు మంచు పడే దేశాల శీతాకాలం మధ్య ఎంపికైనవి, వాటిలో చాలావాటికి సరైన చలి దొరక్కపోతే ఏటికేడు దుబ్బు చిక్కిపోతుంది. అమెరికాలో వెచ్చని దక్షిణ ఫ్లోరిడా తోటలకు ఎప్పుడూ పచ్చగా ఉండేవాటిని, మధ్యరకాన్ని సూచించడానికి కారణం ఇదే. జగిత్యాలలో డిసెంబరు, జనవరి రాత్రులు 10 డిగ్రీల దగ్గరికి దిగుతాయి గానీ అది గడ్డకట్టే చలి కాదు, వారాల తరబడి నిలిచేదీ కాదు.

ఈ లెక్కన చూస్తే ప్రసిద్ధి ఒక్కటే చాలదు. ప్రపంచంలో అత్యధికంగా నాటిన డేలిల్లీలలో ఒకటైన 'స్టెల్లా డి ఓరో'ను వాల్టర్ జబ్లాన్‌స్కీ 1975లో నమోదు చేశారు. పొట్టిగా ఉండి బంగారు రంగున మళ్లీ మళ్లీ పూస్తుంది. కానీ నమోదులో అది నిద్రపోయే రకం. దాని సంతానమైన 'హ్యాపీ రిటర్న్స్' కూడా అంతే. 1924 నాటి సువాసన గల పసుపు పూవు 'హైపెరియన్' కూడా ఆ తరగతిదే. దీనికి ఎదురుగా కెన్నెత్ డ్యూరియో 1977లో ఇచ్చిన తెలుపు దగ్గరి 'జోన్ సీనియర్' ఎప్పుడూ పచ్చగా ఉండేది. 1967 నాటి పసుపు పూల 'మేరీ టాడ్' మధ్యరకం. ఈ మూడు పట్టణాల పరిసరాల్లో ఎక్కడ నాటినా నేను ముందు వెతికేది ఈ రెండో జట్టు లక్షణం ఉన్నవాటినే. పేరు కచ్చితంగా తెలియకపోతే డిసెంబరు, జనవరిల్లో కూడా పచ్చగా ఉన్న స్థానిక దుబ్బు నుంచి పిలక అడగడం అన్నింటికన్నా క్షేమం. ఆ మొక్క పరీక్ష ఇక్కడే రాసి పాసయింది.

ఇక్కడొక జాగ్రత్త. నమోదు కాగితంలో రాసిన ఆకు తరగతి, దాన్ని పెంచిన వ్యక్తి తోటలో కనిపించిన నడత మాత్రమే. అదే మొక్క మరో వాతావరణంలో వేరుగా ప్రవర్తించవచ్చు. ఫ్లోరిడా పోలికకు కూడా హద్దుంది. అక్కడి వేసవి తేమతో కూడినది, మనది పొడి వేసవి. మేలో జగిత్యాల వైపు పాదరసం 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి, పైగా రోహిణి కార్తె వడగాలి. చలి లేకపోవడాన్ని తట్టుకునే మొక్క ఆ వడగాలిని కూడా తట్టుకుంటుందని ఒకదాని నుంచి మరోదాన్ని ఊహించకూడదు. కనుక పచ్చగా ఉండే రకం తీసుకున్నా, మధ్యాహ్నం రెండు దాటాక నీడపడే తూర్పు వాకిలి ఇవ్వాలి. ఉదయపు ఎండ ఆరేడు గంటలు దొరికితే పూతకు లోటుండదు. ముదురు ఎరుపు, ఊదా పూలు గట్టి ఎండలో కమిలి మచ్చపడతాయని వెచ్చని చోట్ల పెంచేవారి అనుభవం. పసుపు, లేత నారింజలు నిలబడతాయి. రంగు ప్రశ్న వచ్చేది ఇక్కడ, రెండో మెట్టులో.

నేల విషయంలో మనకు చేతిలో విద్య ఉంది. ఎర్ర చల్కలో నీరు నిలవదు, కాబట్టి పశువుల ఎరువు కలిపితే చాలు. రేగడిలో మాత్రం పసుపుకు వేసినట్టే బోదె ఎత్తి, బోదె మీదే నాటాలి. వేసవిలో వేడి మట్టిలో నీరు నిలిచిందంటే మొదలు కుళ్లుతుంది. కాలువ పారకం కింద పొలానికి ఆనుకున్న పెరళ్లలో ఈ ముప్పు ఎక్కువ. మొదలును అంగుళానికి మించి లోతుగా పూడ్చకూడదు. నాటే అదను, నా అంచనాలో, దసరా తర్వాత. వానలు తగ్గి ఎండ మెత్తబడిన అక్టోబరు, నవంబరు నెలల్లో వేరు పట్టుకుంటే ఉగాదికి ముందూ వెనకా పూత చూడవచ్చు. ఏప్రిల్‌లో పార్సిల్ వచ్చిన పిలకను నేరుగా నేలలో పెట్టడం దాన్ని ఎండకు అప్పగించడమే. అప్పటికి కుండీలో, నీడలో ఉంచాలి.

పచ్చగా ఉండే రకాలకు ఒక బలహీనత ఉంది, దాన్ని దాచకూడదు. డేలిల్లీ తుప్పు తెగులు, అంటే పక్సీనియా హెమరోకాలిడిస్ అనే శిలీంధ్రం, 2000లో అమెరికాలో బయటపడి రాష్ట్రాలకు రాష్ట్రాలు పాకింది. అది బతికుండే ఆకు మీదే నిలుస్తుంది. మంచు పడే చోట ఆకు ఎండితే దాని ఆట కట్టు. మంచు లేని చోట ఏడాది పొడవునా పచ్చటి ఆకు దొరుకుతుంది. కనుక కొత్త మొక్కను పాతవాటి పక్కన వెంటనే పెట్టకుండా కొన్ని వారాలు వేరుగా ఉంచి, ఆకు అడుగున నారింజ పొడి ఉందేమో తెల్లకాగితంతో తుడిచి చూడాలి.

మరో హెచ్చరిక మరింత గట్టిగా చెప్పాలి. చైనాలో ఒక డేలిల్లీ జాతి మొగ్గల్ని ఎండబెట్టి వంటల్లో వేస్తారు. అది విని మన పెరట్లోని లిల్లీని కూరలో వేయాలని ఎవరూ అనుకోవద్దు. అడవినాభి ప్రాణాలు తీసే విషం, రెయిన్ లిల్లీ గడ్డ విషం, పేరేమో అన్నింటికీ లిల్లీయే. పిల్లులున్న ఇంట్లో డేలిల్లీ, నిజమైన లిల్లీ రెండూ వద్దు. వాటి ఆకు కొరికినా పిల్లి మూత్రపిండాలు పాడవుతాయి.

పిల్లలు పూలు తెంపి మాల కట్టాలని, సాయంత్రం వాసన రావాలని కోరుకునే ఇంటికి నేను డేలిల్లీ చెప్పను. నేలసంపెంగ చెబుతాను. దానిలో మన దేశపు పరిశోధన మన చేతిలో ఉంది. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన 'శృంగార్', 'ప్రజ్వల్' ఒంటిరేకు రకాలు విడిపూలకు బాగుంటాయి. 'సువాసిని' ముద్దపూలు, 'వైభవ్' అరముద్ద పూలు కాడతో సహా కోసి పెట్టుకోవడానికి పనికొస్తాయి. 'శృంగార్'కు వేరుముడి నులిపురుగును తట్టుకునే గుణం కూడా ఉంది.

డేలిల్లీనే కావాలనుకున్న వారికి జగిత్యాల పక్కనే ఒక ఆదర్శం ఉంది. పొలాసలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వచ్చిన జేజీఎల్ 1798 వరిని రైతులు జగిత్యాల సన్నాలు అని పిలుచుకున్నారు. అలాంటి వంగడాన్ని ఒక్క పంట చూసి విడుదల చేయరు. సీజన్ల తరబడి, వేర్వేరు పొలాల్లో, పాత రకం పక్కన నాటి తూస్తారు. పెరట్లో అంత పని సాధ్యం కాదు గానీ, ఒకే రకపు పిలకలు నాలుగు తీసుకుని రెండు తూర్పు వాకిట్లో, రెండు పూర్తి ఎండలో పెట్టవచ్చు. గోడ క్యాలెండరు మీద నాలుగు సంగతులు రాస్తే చాలు: సంక్రాంతికి ఎన్ని పచ్చటి విసనకర్రలున్నాయి, తొలి మొగ్గ ఏ తేదీన విచ్చింది, దుబ్బుకు ఎన్ని కాడలొచ్చాయి, మృగశిర నాటికి ఎన్ని పిలకలు మిగిలాయి. రెండో ఏడు సంక్రాంతి లెక్క మొదటి ఏటి కన్నా తగ్గితే ఆ రకాన్ని తీసేసి, పెరిగితే దసరా తర్వాత దుబ్బు విడదీసి పక్కింటికి ఒక పిలక ఇవ్వండి, నాటిన తేదీతో సహా.