గురుడి దారి, మట్టిపలక లెక్క

వేగం గ్రాఫు కింద వైశాల్యమే దూరమని ఇంటర్లో చదువుకున్నాం కదా! నేనుండే జెద్దాలో హరమైన్ రైలు ఆరు నిమిషాల్లో సమంగా గంటకు 300 కి.మీ. వేగం అందుకుందనుకోండి: త్రిభుజ వైశాల్యం 15 కి.మీ., అదే దూరం.

ఈ కిటుకు 14వ శతాబ్దపు ఆక్స్‌ఫర్డ్, పారిస్ పండితులదని పుస్తకాలు చెప్పేవి. 2016లో మాత్యూ ఓసెన్‌డ్రైవర్ బ్రిటిష్ మ్యూజియంలోని బాబిలోన్ మట్టిపలకలు చదివి, దాన్ని కనీసం 1400 ఏళ్ళు వెనక్కి జరిపారు. వాటిలో గురుగ్రహం వేగం 60 రోజుల్లో, రోజుకు 12 కళల నుంచి 9.5 కళలకు తగ్గుతుంది (60 కళలు ఒక డిగ్రీ). సగటును 60తో గుణిస్తే 645 కళలు, అంటే 10.75 డిగ్రీలు. అచ్చం ట్రెపీజియం వైశాల్యమే!

చదివేవాళ్ళు లేక ఈ తెలివి రెండువేల ఏళ్ళు మట్టిలోనే ఉండిపోయింది. మన తాళపత్రాల్లో ఇంకెన్ని ఉన్నాయో!