చిన్నాయన చింపని పేజీలు

మా చిన్నాయన దగ్గర బైండు పుస్తకాల వరుస ఒకటి ఉండేది. చందమామ సంచికల్లోంచి సీరియల్ పేజీలు మాత్రం జాగ్రత్తగా చింపి, వరుసగా పేర్చి, కుట్టించి అట్ట వేయించినవి. అప్పట్లో చాలా ఇళ్లల్లో ఉన్న అలవాటే. మీలో కొందరి ఇళ్లల్లో ఇప్పటికీ ఏ అటక మీదో ఉండే ఉంటాయి. ఎనభైల్లో అచ్చంపేటలో ఎండాకాలం సెలవులంటే నాకు ఆ బైండులే. (మధ్యాహ్నాలు కరెంటు ఎలాగూ ఉండేది కాదు.)

అచ్చంపేట తెలియనివాళ్ల కోసం: అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా, 2016 నుంచి నాగర్‌కర్నూల్ జిల్లా. నల్లమలకి గుమ్మం లాంటి ఊరు. దగ్గర్లోనే ఉమామహేశ్వరం కొండ, ఇంకాస్త ముందుకెళ్తే మన్ననూరు, ఆపైన అంతా అడవి. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతరకి పోయేవాళ్లు లోయలోకి దిగి, గుండం దాకా నడిచి వెళ్తారు. అలాంటి చోట కూర్చుని 'రాకాసిలోయ' చదివిన పిల్లవాడికి ఆ లోయ ఎక్కడుందో ఎవరూ చెప్పక్కర్లేదు కదా! 'శిథిలాలయం'లో శిఖిముఖి శబరుల కుర్రాడు. నా ఊహలో మాత్రం అతనిది అంగడికి తేనె తెచ్చే చెంచు పిల్లాడి మొహమే.

సరే, అసలు విషయానికొస్తాను. ఆ బైండుల్లో 'రాకాసిలోయ' అయిపోగానే 'పాతాళదుర్గం' ఉంటుంది. మొదటిది 1961లో మొదలైంది, రెండోది 1966లో. రాకాసిలోయ ఎంత పొడుగైనా మధ్యలో కొంతకాలం ఖాళీగా మిగులుతుంది. చిన్నప్పుడు ఇదేం పట్టలేదు. లాగ్ ఫైళ్లలో తేదీల మధ్య ఖాళీలు వెతకడమే బతుకుతెరువైన తర్వాత, ఒకసారి ఊరికెళ్లినప్పుడు కంటికి తగిలింది. చిన్నాయనని అడిగాను.

"నడుమ ఇంకో కత ఏసిన్రు రా. రాజులు, నవాబులు. అది నేను చింపలే."

"ఏం, మంచిగ లేకుండెనా?"

"మంచిగ లేక గాదు. నేను ఎదురుజూసింది గది గాదు."

ఆ మాట నన్ను చాన్నాళ్లు వదల్లేదు. ఎందుకంటే ఆ ఖాళీ వెనక తెలుగు పిల్లల సాహిత్యంలో ఒక పెద్ద కథే ఉంది.

చందమామని 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టారు. 1952లో దాసరి సుబ్రహ్మణ్యం గారు అందులో చేరారు. 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి 'మకరదేవత', 'ముగ్గురు మాంత్రికులు', 'కంచుకోట', 'జ్వాలాద్వీపం'.. ఇలా మొత్తం పన్నెండు సీరియల్స్ రాశారు. నిజానికి ఇవి ఒకే కథకి కొనసాగింపులు కావు. పాత్రలు వేరు, రాజ్యాలు వేరు. కానీ చదివేవాళ్లకి అదంతా ఒకటే లోకం. సాహసం తప్ప వేరే ఆస్తి లేని ఇద్దరు కుర్రాళ్లు, ఒక మాంత్రికుడు, అడవి, వింత జంతువులు, ప్రతి నెలా చివర్లో ఊపిరి బిగబట్టించే ఒక ఆపద. కేశవ-జయమల్లు పోతే శిఖిముఖి-విక్రమకేసరి, వాళ్లు పోతే ఖడ్గవర్మ-జీవదత్తుడు. వీటికి చిత్రా గారి బొమ్మలు. ఆ మొసళ్లనీ, మాంత్రికులనీ చూసి రాత్రిళ్లు దుప్పటి ముసుగేసుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి.

విచిత్రమేమిటంటే చక్రపాణి గారికి ఈ సీరియల్స్ నచ్చేవి కావట. 1951లో నాగిరెడ్డితో కలిసి 'పాతాళభైరవి' తీసి నేపాళ మాంత్రికుణ్ణి ఊరూరికీ పరిచయం చేసిన మనిషే ఆయన! ఏమైతేనేం, పాఠకులకి కాస్త మెరుగైన సరుకు ఇద్దామని కాబోలు, 1960లలో దాసరి సీరియల్ ఆపించి, బంకించంద్రుడి 'దుర్గేశనందిని' వేయించారు. వడ్డాది పాపయ్య గారు బొమ్మలు వేశారు. అది అయిపోగానే 'నవాబునందిని' వచ్చింది. ఇది దుర్గేశనందినికి కొనసాగింపుగా దామోదర్ ముఖోపాధ్యాయ్ అనే వేరే రచయిత రాసింది. అంటే ఎదురుచూడని కథకి, ఆ రచయిత కూడా రాయని రెండో భాగం అన్నమాట :)

ఫలితం? సర్క్యులేషన్ పడిపోయింది. మళ్లీ దాసరి గారికి పని పడింది. 'పాతాళదుర్గం' వచ్చింది. మా చిన్నాయన కత్తెర మళ్లీ బయటికొచ్చింది.

ఇక్కడ ఆపేస్తే "పాఠకుడే దేవుడు, పెద్దాయన తప్పు చేశాడు" అనే నీతితో కథ ముగిసిపోతుంది. కానీ అంత తేలిక కాదనిపిస్తుంది నాకు. చిన్నాయన ఆ కథ చింపలేదు కాబట్టి, ఆ సంచికలు కొన్ని అలాగే మిగిలాయి. ఇష్టపడ్డ సంచికలన్నీ మధ్యలో పేజీలు లేక చెల్లాచెదురైతే, ఇష్టపడనివి మాత్రం అట్టతో సహా నిండుగా ఉన్నాయి! వాటిలో దుర్గేశనందిని దొరికినంత మేరకు చదివాను. 1865లో వచ్చిన నవల. మొగలులకీ పఠాన్లకీ యుద్ధం, మాన్‌సింగ్ కొడుకు జగత్‌సింగ్, అతన్ని ప్రేమించిన తిలోత్తమ, శత్రువుల ఇంట ఉండి కూడా అతన్నే ప్రేమించిన ఆయేషా. నిజం చెప్పొద్దూ, ఆయేషా దగ్గర గొంతు పట్టుకుంది. పుస్తకంగా చూస్తే చక్రపాణి గారి ఎంపికకి వంక పెట్టలేం.

మరి పిల్లలు ఎందుకు మొహం తిప్పుకున్నారు? పదకొండేళ్లవాడికి తిలోత్తమ పెళ్లి ఎవరితో అయితే ఏం? వాడు నెలంతా కాచుకుని ఉన్నది లోయలో ఏముందో తెలుసుకోడానికి. ఇంగ్లండులోనూ ఇదే జరిగింది. చారిత్రక నవలలే తన అసలు పని అనుకున్న కానన్ డాయిల్ 1893లో షెర్లాక్ హోమ్స్‌ని జలపాతంలో పడేశాడు. పాఠకులు గొడవపెట్టారు, చాలామంది చందాలు మానేశారు. చివరికి హోమ్స్‌ని వెనక్కి తేక తప్పలేదు. డాయిల్‌కీ, చక్రపాణికీ అర్థం కానిది ఒకటే. ఇచ్చేది ఎంత గొప్పదైనా సరే, ఎదురుచూపుని అవతల పడేసి ఇస్తే పుచ్చుకునేవాడు ఉండడు.

అలాగని ఎదురుచూసిందే మళ్లీ మళ్లీ ఇస్తే సరిపోతుందా అంటే, దానికీ చందమామే జవాబు చెప్పింది. పత్రిక 1998లో ఆగిపోయి 1999 చివర్లో మళ్లీ మొదలైంది. 2007లో జియోడెసిక్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ చేతికొచ్చింది. ఆ చివరి ఏళ్లలో దాసరి వారి పాత సీరియల్స్‌నే తిరిగి వేశారు. మాలాంటి పెద్ద పిల్లలకి పండగే. కానీ ఎదురుచూపు ఎక్కడుంది? ముగింపు మాకు ముందే తెలుసు. 2013 ప్రాంతంలో పత్రిక నిలిచిపోయింది. కారణాలు చాలా ఉంటాయి, పాత కథల వల్లే ఆగిందని నేననను. కానీ "మా పాత చందమామ మాకు కావాలి" అని అడిగిన మేము, కొత్త పిల్లల కోసం కొత్తగా ఏం కావాలో ఒక్కసారైనా అడిగామా?

మొన్న సెలవుల్లో మా అమ్మాయి 'యక్షపర్వతం' బైండు రెండ్రోజుల్లో ముగించేసి, "ఇదీ ఇందాకటి దానిలాగే ఉంది కదా నాన్నా?" అంది. నిజమే, ఉంది. చిన్నాయనకి అది కనిపించలేదు, ఎందుకంటే ఆయన దాన్ని నెలకి కొన్ని పేజీల చొప్పున ఏళ్ల తరబడి చదివాడు.

ఇంకొక్క సంగతి చెప్పి ఆపుతాను. ఆ సీరియల్స్ కింద దాసరి గారి పేరు ఉండేది కాదు. కథ నచ్చనప్పుడు చందా మానేసి కోపం చూపించడం పాఠకులకి వీలైంది, అది పత్రికకి వినిపించింది కూడా. నచ్చినప్పుడు ఎవరికి చెప్పాలో మాత్రం తెలియలేదు. 1952 నుంచి 2006 దాకా, యాభై నాలుగేళ్లు అక్కడే పనిచేసిన ఆ మనిషి 2010 జనవరిలో పోయారు. ఆ తర్వాతే నేను చిన్నాయనకి ఆయన పేరు చెప్పాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అడిగాడు,

"అన్నీ ఒక్కడే రాసిండా?"

"ఒక్కరే చిన్నాయనా."

"మరి చెప్పరాదురా ముందుగాల.. ఒక కార్డు ముక్కన్న రాస్తుంటి."

దుర్గేశనందిని నాకు బాగా నచ్చిందని కూడా చెప్పాను. నవ్వి, "నువ్వు పెద్దోనివైనవు గద రా, నీకు మంచిగనే ఉంటది" అన్నాడు.